గ్రాంటు డబ్బుతో చేసిన పని వల్ల నిజంగా ఏం మారిందో కొలవడం ఎలా?

ఫైనల్ రిపోర్టు గడువు దగ్గర పడేసరికి చాలా స్వచ్ఛంద సంస్థల్లో ఒకటే టెన్షన్. ఎన్ని శిక్షణలు జరిగాయి, ఎంతమంది వచ్చారు, ఎన్ని కిట్లు పంచారు అనే లెక్కలన్నీ రిజిస్టర్లలో పక్కాగా ఉంటాయి, ఫొటోలకూ కొదవ ఉండదు, కానీ ఫార్మాట్‌లో "ప్రాజెక్టు వల్ల వచ్చిన మార్పు" అనే గడి దగ్గరికి వచ్చాక చేయి ఆగిపోతుంది. చివరికి "లబ్ధిదారుల్లో ఆత్మవిశ్వాసం పెరిగింది" అని ఒక వాక్యం రాసి పంపేస్తారు. వాళ్లు పని సరిగ్గా చేయలేదని కాదు. పని మొదలుపెట్టినప్పుడు ఆ మనుషుల పరిస్థితి ఎలా ఉందో ఎవరూ రాసిపెట్టుకోలేదు. ఏడాది గడిచాక ఆ వివరాలు ఎక్కడి నుంచి వస్తాయి?

అందుకే ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే: కొలత గురించి ప్రపోజల్ రాసేటప్పుడే తేల్చుకోండి, కొన్నింటినే కొలవండి, వాటిని గట్టిగా కొలవండి. ముప్పై ఇండికేటర్లు, అంటే మార్పును చూపే కొలమానాలు, పెట్టుకుని ఒక్కటీ సరిగ్గా కొలవలేని ప్రాజెక్టు కన్నా నాలుగే పెట్టుకుని ఆ నాలుగింటికీ జవాబు చెప్పగలిగిన ప్రాజెక్టు ఎంతో మేలు.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఒక చిన్న సంస్థకు ఏడాది గ్రాంటు వచ్చింది, సరైన ఉద్యోగం లేని 300 మంది యువతీయువకులకు మూడు నెలల చొప్పున ఉద్యోగ నైపుణ్యాల శిక్షణ ఇవ్వాలి. మీ ప్రాజెక్టు ఆరోగ్యం మీదో చదువు మీదో అయినా లెక్క ఇలాగే నడుస్తుంది.

చేసింది వేరు, మారింది వేరు

300 మందికి శిక్షణ ఇచ్చాం అనేది ఔట్‌పుట్, అంటే మనం చేసిన పని. శిక్షణ అయిన ఆరు నెలలకు వాళ్లలో 165 మంది పనిలో ఉన్నారు అనేది ఔట్‌కమ్, అంటే వాళ్ల జీవితంలో కనిపించిన మార్పు. ఆ 165 మందిలో మన శిక్షణ లేకపోతే పని దొరికి ఉండేది కాదు అనదగ్గవాళ్లు ఎంతమందో అది ఇంపాక్ట్. రిపోర్టుల్లో ఈ మూడింటినీ కలిపేసి రాస్తుంటారు. మొదటిది లెక్కపెట్టడం తేలిక, రెండోదానికి మళ్లీ ఆ మనుషుల దగ్గరికి వెళ్లాలి, మూడోదానికి మన దగ్గర శిక్షణ తీసుకోనివాళ్ల దగ్గరికీ వెళ్లాలి.

ముందు ఒక కాగితం తీసుకుని మార్పు ఏ దారిలో వస్తుందనుకుంటున్నారో గీయండి. దీన్నే థియరీ ఆఫ్ ఛేంజ్ అంటారు. పేరు చూసి భయపడక్కర్లేదు. శిక్షణ, దాని వల్ల నైపుణ్యం, దాని వల్ల ఇంటర్వ్యూ, ఆపైన ఉద్యోగం, ఆపైన నిలకడైన ఆదాయం. ఇప్పుడు ప్రతి బాణం గుర్తు దగ్గరా ఆగి "ఇది జరగాలంటే ఇంకేం ఉండాలి?" అని అడగండి. నైపుణ్యం వచ్చినంత మాత్రాన ఇంటర్వ్యూకి పిలుపు రాదు, ఆ రంగంలో ఖాళీలు ఉండాలి, ఉన్నాయన్న సంగతి వీళ్లకు తెలియాలి, అక్కడిదాకా వెళ్లిరాగలగాలి, ఇంట్లో చిన్నపిల్లలుంటే చూసుకునేవాళ్లు కావాలి. ఇలా రాస్తున్నప్పుడే ప్రాజెక్టు ఎక్కడ తెగిపోతుందో కనపడుతుంది. 1969 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం తయారైన లాగ్‌ఫ్రేమ్ అనే ప్రాజెక్టు ప్రణాళిక పట్టికను ఇప్పటికీ చాలామంది దాతలు అడుగుతారు, దాని చివరి నిలువు వరుస సరిగ్గా ఈ షరతుల కోసమే. చాలామంది ఆ వరుసను "సమాజం సహకరిస్తుంది" లాంటి మాటలతో నింపేస్తారు, కానీ నా లెక్కలో పట్టిక మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ఆ వరుసే. రేపు ఫలితం రాకపోతే ఎక్కడ వెతకాలో చెప్పేది అదే.

ఏం కొలవాలి

ప్రతి ఇండికేటర్‌నూ ఒక ప్రశ్నతో వడకట్టండి: ఈ అంకె పెరిగినా తగ్గినా మనం చేసే పనిలో ఏమైనా మారుస్తామా? మార్చం అంటే దాన్ని తీసేయండి. దాత అడిగినందుకే ఉంచాల్సి వస్తే ఉంచండి, కానీ దాని మీద ఫీల్డ్ స్టాఫ్ సమయం ఎక్కువ ఖర్చు కానివ్వకండి.

మన ఉదాహరణకు నాలుగు చాలు. ఎంతమంది శిక్షణ పూర్తి చేశారు, చివర్లో పెట్టిన ప్రాక్టికల్ పరీక్షలో ఎంతమంది పని చేసి చూపించగలిగారు, ఆరు నెలలకు ఎంతమంది పనిలో ఉన్నారు, పనిలో ఉన్నవాళ్లకు నెలకు ఎంత వస్తోంది. మొదటి రెండూ దారి సరిగ్గా ఉందో లేదో మధ్యలోనే చెబుతాయి, తర్వాతి రెండూ అసలు సంగతి చెబుతాయి.

తర్వాత ప్రతి మాటకూ అర్థం రాసిపెట్టుకోవాలి. "పనిలో ఉన్నారు" అంటే ఏమిటి? అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనం ప్రకారం గడిచిన వారంలో కూలికో లాభానికో ఒక్క గంట పనిచేసినా పనిలో ఉన్నట్టే లెక్క. దేశాల మధ్య పోలికలకు అది పనికొస్తుంది కానీ, మీ శిక్షణ ఫలించిందని చెప్పుకోవడానికి ఒక్క గంట చాలదు. "వరుసగా మూడు నెలలుగా, వారానికి కనీసం నాలుగు రోజులు, డబ్బు వచ్చే పని" అని మీరు పెట్టుకోవచ్చు. ఏది పెట్టుకున్నా పని మొదలవక ముందే రాసి, తేదీ వేసి, దాతకు కూడా పంపేయండి. ఫలితాలు చూశాక నిర్వచనం మార్చే అవకాశం ఉంటే, ఎంత నిజాయితీపరులైనా తమకు తెలియకుండానే అంకె పెద్దగా కనపడే వైపు జరుగుతారు.

బేస్‌లైన్ అడిగే తీరు

బేస్‌లైన్ అంటే శిక్షణ మొదటి రోజుకి ముందే ప్రతి ఒక్కరి పరిస్థితీ నమోదు చేసుకోవడం. మొదటి వారంలో చేద్దాంలే అనుకోవద్దు, అప్పటికే కొందరు మానేసి ఉంటారు, మానేసినవాళ్ల వివరాలు మీ దగ్గర ఉండవు.

ప్రశ్న ఎలా అడుగుతారన్నదాని మీదే సగం పని ఆధారపడి ఉంటుంది. "మీ నెలసరి ఆదాయం ఎంత?" అని అడిగితే, ఏ రోజు పని ఆ రోజు చూసుకునే మనిషి ఒక్క క్షణం ఆలోచించి నోటికొచ్చిన గుండ్రటి అంకె చెప్తాడు. అదే ప్రశ్నను విడగొట్టి అడగండి: "నిన్న పనికి వెళ్లారా? ఏం పని? ఎంత ఇచ్చారు? మొన్న?" అలా వెనక్కి ఏడు రోజులు. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ వచ్చే అంకెను నమ్మొచ్చు. "శిక్షణ మీకు ఉపయోగపడిందా?" అనే ప్రశ్న మాత్రం పెట్టకండి. ఉచితంగా నేర్పించినవాళ్ల ముఖం మీద ఎవరూ లేదని చెప్పరు, నూటికి తొంభైమంది బాగుందనే అంటారు, ఆ తొంభై అంకె ఎందుకూ కొరగాదు. ఇదే కారణంతో శిక్షణ ఇచ్చిన మనిషే సర్వేకి వెళ్లకూడదు. వేరే సిబ్బందిని పంపండి, సిబ్బంది తక్కువైతే ఇంకో కేంద్రంలో పనిచేసేవాళ్లను ఇక్కడికీ, వీళ్లను అక్కడికీ మార్చండి.

ముందుగా ఓ పది మందితో ప్రశ్నపత్రాన్ని పరీక్షించి చూడండి, కనీసం రెండు మూడు ప్రశ్నలు వాళ్లకు వేరేలా అర్థమవుతున్నట్టు తేలుతుంది. కాగితం మీద రాసి తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించే పద్ధతిలో తప్పులు ఎక్కువ, కోబో టూల్‌బాక్స్, ఓడీకే లాంటి సర్వే యాప్‌లు ఫోన్‌లో ఇంటర్నెట్ లేనిచోటా పనిచేస్తాయి. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇవ్వండి, పేర్ల స్పెల్లింగుతో ఆరు నెలల తర్వాత జతచేయడం నరకం. ప్రతి మనిషి దగ్గరా తన ఫోన్ నంబరుతోపాటు దగ్గరివాళ్లవి ఇంకో రెండు నంబర్లు తీసుకోండి, అవి ఎందుకో కింద చెబుతాను. ఈ వివరాలు దేనికి వాడతారో ముందే చెప్పి ఒప్పుకుంటేనే తీసుకోండి, పేర్లూ నంబర్లూ ఉన్న ఫైలు వేరుగా, తాళం వేసి ఉంచండి.

మీరు లేకపోయినా మారేదెంత?

అన్నిటికన్నా కష్టమైనది ఇదే, నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నదీ ఇక్కడే.

శిక్షణకు ముందు వందకు 20 మంది పనిలో ఉన్నారు, ఆరు నెలలకు 55 మంది ఉన్నారు. అంటే 35 మందికి మన వల్ల ఉద్యోగం వచ్చినట్టా? కాదు. ఆ ఆరు నెలల్లో కొత్త కంపెనీలు వచ్చి ఉండొచ్చు. వయసు పెరిగేకొద్దీ, తిరిగేకొద్దీ ఎవరికైనా ఏదో ఒక పని దొరుకుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఆర్థికవేత్త ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ అమెరికాలో ప్రభుత్వ శిక్షణ కార్యక్రమాల్లో చేరినవాళ్ల సంపాదన లెక్కలు తీసి 1978లో ప్రచురించారు. చేరడానికి ముందు ఏడాదిలో వాళ్ల సంపాదన మామూలు కన్నా కిందికి పడిపోయి ఉంది. ఆలోచిస్తే ఇది సహజమే. పని పోయినప్పుడో, దెబ్బతిన్నప్పుడో మనిషి శిక్షణ కోసం చూస్తాడు. అలా అట్టడుగుకు చేరిన సమయంలో మనం బేస్‌లైన్ తీస్తాం, తర్వాత వాళ్లు శిక్షణ లేకున్నా మామూలు స్థితికి కొంతైనా తిరిగొస్తారు. ఆ తిరిగిరావడమంతా మన ఖాతాలో పడిపోతుంది.

దీనికి మందు పోలిక గుంపు. మన దగ్గర 300 సీట్లే ఉన్నాయి, 600 మంది దరఖాస్తు పెట్టుకున్నారు అనుకోండి. ఎలాగూ సగం మందికి ఇప్పుడు ఇవ్వలేం కదా. అర్హులందరి పేర్లూ పెట్టి లాటరీ తీసి 300 మందిని ఈ ఏడాదికి, మిగతా 300 మందిని వచ్చే ఏడాదికి పెట్టండి. ఇద్దరూ శిక్షణ కావాలని వచ్చినవాళ్లే, ఇద్దరి పరిస్థితీ ఒకటే, తేడా లాటరీ ఒక్కటే. వెయిటింగ్ లిస్టులోవాళ్లకూ అదే బేస్‌లైన్, ఆరు నెలలకు అవే ప్రశ్నలు. వాళ్లలో కూడా మొదట వందకు 20 మంది పనిలో ఉండి, ఆరు నెలలకు 39 మంది ఉన్నారని తేలితే లెక్క ఇది: మనవాళ్లలో పెరిగింది 35, వాళ్లలో పెరిగింది 19, తేడా 16. వందకు పదహారు మంది, అదీ మీరు రాసుకోదగ్గ ఇంపాక్ట్. 35 పక్కన 16 చిన్నగా కనపడుతుంది, కానీ ఆ పదహారు మందిని ఎవరూ కాదనలేరు.

లాటరీ అన్యాయం అనేవాళ్లుంటారు. నిజంగా సీట్లు సరిపోనప్పుడు, ముందొచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతి కన్నా, తెలిసినవాళ్లకు ముందు అనే పద్ధతి కన్నా లాటరీయే న్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను. కానీ ఎవరికి ఎక్కువ అవసరమో స్పష్టంగా తెలిసినప్పుడు, ప్రాణాల మీదికొచ్చే విషయాల్లో, లాటరీ పెట్టకూడదు. అప్పుడు పక్క ప్రాంతంలో ఇంచుమించు ఇలాంటి పరిస్థితిలోనే ఉన్నవాళ్లను పోలికకు తీసుకోండి. రెండు ప్రాంతాలూ అచ్చంగా ఒకేలా ఉండవని రిపోర్టులో ఒప్పుకోండి. అదీ కుదరకపోతే "మా వల్లే" అనకుండా "ఈ మార్పులో మా పాత్ర ఉందనడానికి ఈ ఆధారాలున్నాయి" అని రాయండి. యజమానులను అడిగి, ఎందుకు తీసుకున్నారో తెలుసుకుని, శిక్షణలో నేర్పిన పనే చూసి తీసుకున్నామని వాళ్లు చెబితే అది కూడా ఆధారమే.

ఎంతమందిని అడగాలి? ఒకే గుంపులో ఎంతశాతం పనిలో ఉన్నారో 95 శాతం నమ్మకంతో, అటూఇటూ 5 శాతం తేడాలో తెలియాలంటే పెద్ద జనాభాలో 385 మందిని అడగాలి, మొత్తం 300 మందే ఉంటే 169 మంది చాలు. 169 మందిని అడిగేకన్నా ఓపిక పట్టి 300 మందినీ అడగడమే మంచిది. రెండు గుంపులను పోల్చేటప్పుడు లెక్క వేరు. 55కూ 39కీ ఉన్నంత తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో వైపు దాదాపు 150 మంది కావాలి, అదే తేడా వందకు ఐదే అయితే ఒక్కో వైపు 1,500 పైచిలుకు కావాలి. మీది 40 మంది ప్రాజెక్టు అయితే ఈ పోలికల జోలికి వెళ్లకండి, ఎలా తిప్పినా ఏమీ తేలదు. ఆ డబ్బుతో ఇంకో పదిమందికి నేర్పించి, ఔట్‌కమ్ వరకు జాగ్రత్తగా నమోదు చేయండి, చాలు.

ఇంపాక్ట్ మళ్లీ నిరూపించనక్కర్లేని పనులూ ఉన్నాయి. తట్టు టీకా పనిచేస్తుందని ఎప్పుడో తేలిపోయింది, టీకాలు వేయించే ప్రాజెక్టు మళ్లీ దాన్ని కొలవక్కర్లేదు. అర్హులైన పిల్లల్లో ఎంతమందికి, సరైన వయసులో, సరిగ్గా చల్లదనంలో నిలవ ఉంచిన మందు అందింది అన్నది కొలిస్తే సరిపోతుంది.

దొరకనివాళ్లు

ఆరు నెలల తర్వాత ఫోన్ చేస్తే 300 మందిలో 180 మందే దొరికారు, వాళ్లలో 120 మంది పనిలో ఉన్నారు. చాలా రిపోర్టుల్లో ఇది "67 శాతం మందికి ఉపాధి" అని వస్తుంది. దొరకని 120 మంది సంగతేమిటి? వాళ్లలో ఒక్కరికీ పని లేకపోతే అసలు అంకె 40 శాతం. అందరికీ ఉంటే 80 శాతం. అంటే మీకు నిజంగా తెలిసింది 40కీ 80కీ మధ్య ఎక్కడో ఉందని మాత్రమే. పని దొరికి వేరే ఊరు వెళ్లినవాళ్లు ఫోన్ మార్చేస్తారు, పని దొరకక నిరాశపడినవాళ్లు ఫోన్ ఎత్తరు, ఎవరు ఎక్కువో మనకు తెలియదు. దగ్గరివాళ్ల నంబర్లు రెండు తీసుకోమన్నది ఇందుకే. నెలకోసారి ఒక మెసేజ్ పెడుతూ ఉంటే నంబరు మారినప్పుడే తెలిసిపోతుంది. అయినా దొరకనివాళ్లు ఉంటే ఎంతమందో రాసి, కింది అంకె, పై అంకె రెండూ ఇవ్వండి.

అంకెను టార్గెట్ చేస్తే

ఫీల్డ్ స్టాఫ్ జీతాన్నో, వచ్చే ఏడాది గ్రాంటునో ప్లేస్‌మెంట్ శాతంతో ముడిపెడితే ఒక ప్రమాదం ఉంది. అమెరికాలో 1982 నాటి జాబ్ ట్రైనింగ్ పార్ట్‌నర్‌షిప్ చట్టం కింద శిక్షణ కేంద్రాలకు ప్రోత్సాహక నిధులను ఇలాగే ఫలితాలతో ముడిపెట్టారు. ఎవరిని ఏ తేదీన "శిక్షణ ముగిసింది" అని నమోదు చేయాలో ఆ కేంద్రాలు టార్గెట్‌కు అనుకూలంగా ఎంచుకుంటున్నాయని పరిశోధకులు తర్వాత చూపించారు. అక్కడే కాదు, ఎక్కడైనా టార్గెట్ ఒత్తిడి పెరిగితే మనం సాయం చేయకపోయినా ఎలాగూ ఉద్యోగం తెచ్చుకోగలిగేవాళ్లకే సీటు ఇవ్వాలనిపిస్తుంది. ఎక్కువ అవసరం ఉన్నవాళ్లు తలుపు దగ్గరే ఆగిపోతారు, శాతం మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. అందుకే ఉద్యోగాల శాతం పక్కనే, చేరినవాళ్లు ఎవరు అన్నది కూడా ఎప్పుడూ చూపించాలి: ఎంత చదివారు, ఎన్నాళ్లుగా పని లేదు, వికలాంగులెందరు, ఆడవాళ్లెందరు.

అంకెల్లో పట్టుబడని మార్పుల కోసం మనుషుల మాటలు వినండి. 1990ల మధ్యలో రిక్ డేవీస్ అనే మూల్యాంకన నిపుణుడు బంగ్లాదేశ్‌లో ఒక గ్రామీణాభివృద్ధి కార్యక్రమం కోసం తయారుచేసిన పద్ధతి ఒకటుంది, "అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఏది, ఎందుకు?" అని అడిగి కథనాలు సేకరిస్తారు, వాటిలో ఏది ఎంచుకోవాలో సిబ్బంది కూర్చుని వాదించుకుంటారు, ఎంచుకున్న కారణం కూడా రాస్తారు. మీరు ఊహించనివి, కొన్నిసార్లు చెడ్డవి కూడా, బయటపడేది ఇక్కడే. రిపోర్టు కోసం ఒక మంచి కథ ఏరుకోవడానికి మాత్రం దీన్ని వాడకండి.

ఫలితం బాగా లేకపోతే

పోల్చి చూస్తే తేడా లేదని తేలితే చాలామందికి గుండె జారిపోతుంది, గ్రాంటు పోతుందేమోనని భయం. నా మాట వినండి, దాచకండి. 1970ల్లో అమెరికాలో దారి తప్పుతున్న పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి ఖైదీలతో మాట్లాడించి భయపెట్టే కార్యక్రమాలు మొదలయ్యాయి. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు, చాలాచోట్ల నడిపారు. లాటరీ పద్ధతిలో చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఆ పిల్లలు అలా వెళ్లనివాళ్ల కన్నా ఎక్కువ నేరాల్లో చిక్కుకున్నారని తేలింది. మంచి ఉద్దేశంతో చేసిన పని హాని చేసింది. ఆ సంగతి పోలిక లేకపోతే ఎన్నేళ్లయినా బయటపడేది కాదు.

రిపోర్టులో ఇలా రాయొచ్చు: "శిక్షణ పొందినవారికీ వెయిటింగ్ లిస్టులోవారికీ ఉపాధిలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ప్రాక్టికల్ పరీక్షలో 80 శాతం మంది నెగ్గారు, కాబట్టి నైపుణ్యం వచ్చింది, కానీ ఇంటర్వ్యూ దాకా వెళ్లినవారు 30 శాతమే. వచ్చే విడతలో శిక్షణ గంటలు తగ్గించి, ఆ డబ్బును యజమానులతో కలపడానికీ ప్రయాణ ఖర్చులకూ వాడతాం." మొదట గీసిన బాణాల్లో ఏది తెగిందో మీకు తెలుసు కాబట్టే ఇలా రాయగలిగారు. ఇదే ఫలితాన్ని శిక్షణ తీసుకున్నవాళ్లను కూర్చోబెట్టి వాళ్లకూ చెప్పండి, ఇంటర్వ్యూకి ఎందుకు వెళ్లలేకపోయారో మీకన్నా వాళ్లకే బాగా తెలుసు.

ఇక డబ్బు సంగతి. కొలతకు బడ్జెట్‌లో 5 నుంచి 10 శాతం పెట్టుకోమని సాధారణంగా చెబుతారు. ఎంత పెట్టారన్నదానికన్నా ఎప్పటిదాకా పెట్టారన్నది చూసుకోండి. పన్నెండు నెలల గ్రాంటులో చివరి బ్యాచ్ పదకొండో నెలలో ముగిస్తే, ఆరు నెలల తర్వాతి ఫోన్లు గ్రాంటు అయిపోయిన ఐదు నెలలకు వస్తాయి, అప్పటికి ఫోన్ చేసే మనిషి జీతం ఆగిపోయి ఉంటుంది. ప్రపోజల్‌లోనే "గ్రాంటు ముగిశాక ఫాలోఅప్ సర్వే" అని ఒక లైను పెట్టి, ఆ డబ్బు తర్వాత ఖర్చు చేయడానికి దాత నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఒప్పుకోకపోతే బ్యాచ్‌లను ఇంకా ముందే మొదలుపెట్టండి, కనీసం మొదటి రెండు బ్యాచ్‌లకైనా ఆరు నెలల సర్వే గ్రాంటు లోపలే పడేలా.